అంపండి, ఆపండి

మా పత్రిక ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చిన ఏడాదే నేను రిటైరయ్యాను. వాటిని ఒకదానితో ఒకటి కలపడానికి వచ్చిన ఇంజనీరు బల్లల కింద దూరి, నల్లటి తీగ ఒకటి గది ఈ చివరి నుంచి ఆ చివరికి లాగి, దారిలో ఉన్న ప్రతి యంత్రానికీ తగిలించాడు. ఇన్ని యంత్రాలకూ ఉన్నది ఒకటే తీగ. ఎవరి మాట ఎవరికి పోవాలో దానికెట్లా తెలుస్తుందని అడిగాను.

ఆయన మోకాళ్ల దుమ్ము దులుపుకుని ఓపికగా చెప్పాడు. "ప్రతి యంత్రానికీ ఒక పేరుంటుంది సార్. ఒకటి మాట్లాడితే అన్నీ వింటాయి. ఎవరి పేరు పిలిచారో ఆ యంత్రం తీసుకుంటుంది, మిగతావి వదిలేస్తాయి. మాట్లాడే ముందు తీగ ఖాళీగా ఉందో లేదో చూసుకుంటాయి. రెండు యంత్రాలు ఒకేసారి మొదలుపెడితే రెండు మాటలూ చెడిపోతాయి. అప్పుడు రెండూ ఊరుకుని, కాసేపు చూసి, మళ్లీ మొదలుపెడతాయి."

"ఆ తీగ మీద నేను పనిచేశానయ్యా" అన్నాను.

పెద్దవాడు ఏదో సరదాకి అంటున్నాడనుకుని నవ్వాడు. సాయంత్రం లోపల పని ముగించాల్సినవాడు, నా కథ వినే తీరిక ఆయనకు లేదు. మీకుంటే వినండి.

పత్రికలోకి రాకముందు నేను తంతి మనిషిని, పోస్టాఫీసులో టెలిగ్రాములు కొట్టే సిగ్నలర్‌ని. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులు. కర్నూల్లో ఆఫీసులు డేరాల్లో నడిచేవి. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగులు మా ఎండను, మా నీళ్లను, మా భాషను కలిపి తిట్టుకుంటూ అద్దె ఇళ్లు వెతుక్కునేవారు. నాకు మాత్రం ఉద్యోగం పడమటి మూల కోసిగిలో పడింది. నాది కడప వైపు. ఆర్డరు చూసి మా మామ "కోసిగికా? ఆడికి పోయేటోళ్లను యాడా సూడలేదప్పా, ఆడినుంచి పోయేటోళ్లనే సూసినా" అన్నాడు.

వెళ్లాక చూశాను, నిజమే. వానలు మొహం చాటేస్తే ఊళ్లకు ఊళ్లు మూటలు కట్టుకుని రైలెక్కేవి. దాన్ని అక్కడ 'సుగ్గి' అంటారు. కన్నడం నుంచి వచ్చిన మాట, పంట కోతల కాలమని అర్థం. కోయడానికి తమ చేలో పంట లేనివాళ్లు పొట్ట చేత పట్టుకుని పోవడానికి ఆ పేరు ఎట్లా వచ్చిందో గాని, ఎవరూ దాన్ని దిగులుగా పలికేవారు కాదు. "సుగ్గికి పోతాండాం సామీ" అని పెళ్లికి పోతున్నట్టు చెప్పేవారు.

మా ఆఫీసు రైల్వే స్టేషనుకు ఎదురుగా, రోడ్డుకవతల. ఉన్నది పోస్టుమాస్టరు, నేను, ఒక పోస్టుమాను. ఆదోని నుంచి బయల్దేరిన తీగ ఒకటి దారిలో ఉన్న చిన్న ఆఫీసులన్నిటినీ తాకుతూ మా బల్ల మీదికి వచ్చేది. ఎవరు ఎవరికి కొట్టినా అందరి బల్లల మీదా ఇత్తడి యంత్రం టకటకలాడేది. పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బ, ఉన్నవి ఆ రెండే. వాటితోనే అక్షరాలన్నీ. ప్రతి ఆఫీసుకూ పిలుపు పేరు ఒకటి ఉండేది. మన పేరు కానిదాన్ని వినీ విననట్టు వదిలేయడం నేర్చుకోవడానికి నాకు టెలిగ్రాఫు నేర్చుకున్నంత కాలం పట్టింది. రెండు ఆఫీసులు ఒకేసారి మీట నొక్కితే రెండు మాటలూ కలగాపులగమై ఎవరికీ అర్థం కాకుండా పోయేవి. అప్పుడు ఎవరో ఒకరు పెద్దమనిషిలా తగ్గాలి.

టెలిగ్రాము కొట్టే పద్ధతి కూడా ఆ ఇంజనీరు చెప్పినట్టే. ముందు ఎవరికి, ఎక్కడినుంచి, ఎన్ని మాటలు. ఆ తర్వాత అసలు మాటలు. తీసుకున్నవాడు మాటలు లెక్కపెట్టుకుని, సరిపోతే ముట్టిందని కొడతాడు. సరిపోకపోతే ఫలానా మాట నుంచి మళ్లీ చెప్పమంటాడు. దూరపు ఊరికైతే ఒకే తీగ పోదు. ఒక ఆఫీసు విని, కాగితం మీద రాసుకుని, పక్క ఆఫీసుకు మళ్లీ కొడుతుంది. మైదుకూరు మాట కోసిగి చేరాలంటే కడప, ఆ తర్వాత ఒక పెద్ద ఆఫీసు, తర్వాత ఆదోని, చివర మేము. ఆ పెద్ద ఆఫీసు ఏ ఊరిదో చెప్పను. అక్కడి సిగ్నలర్‌ని నేను ఎప్పుడూ చూడలేదు గాని, ఆదోని వాళ్ల మాటల్లో విన్నాను. గోదావరి వైపు మనిషి. మంచి చెయ్యి, తప్పు పోనిచ్చే రకం కాదు. అంత జాగ్రత్త మనిషి కావడం వల్లనే ఈ కథ జరిగింది.

అది ఎండాకాలం. కోసిగి పక్క పల్లె నుంచి ఒక మేస్త్రి పని వెతుక్కుంటూ ముందుగా మైదుకూరు వెళ్లాడు. అక్కడ కాలువకు నీళ్లు బందు చేసి పూడిక తీయిస్తున్నారని, కూలీలను ఫలానా రోజున లెక్కపెట్టి తీసుకుంటారని కబురు. పని ఖాయమైతే తంతి కొడతాను, వెంటనే రండి అని భార్యకు చెప్పి పోయాడు. ఆమె అంతటితో ఇంట్లో కూర్చునే మనిషి కాదు. తమ గుంపునంతా కూడగట్టుకుని, ఇళ్ల వాకిళ్లకు ముళ్లకంపలు అడ్డం పెట్టించి, గొడ్లను చుట్టాలకు అప్పగించి, మా పోస్టాఫీసు అరుగు మీదికి వచ్చి దిగింది. ముసలీ ముతకా, చంటిపిల్లలూ అందరూ ఉన్నారు. మధ్యలో పాతచీరలో కట్టిన పెద్ద మూట. ఎండబెట్టిన జొన్నరొట్టెలు, దారి బత్తెం. ఇళ్లలో మిగిలిన గింజలన్నీ దంచి, విసిరి, కాల్చి తెచ్చిన రొట్టెలవి. అవి తప్ప వాళ్ల దగ్గర తిండి లేదు.

గుంతకల్లు వైపు పోయే బండి మధ్యాహ్నం. దానికి కాస్త ముందు మా ఆఫీసు పిలుపు మోగింది. రాసుకున్నాను. మేస్త్రికి ఇంగ్లీషు రాదు గనక అతడు చెప్పిన తెలుగు మాటలనే మైదుకూరులో ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టారు. మూడే మాటలు. లెక్క సరిపోయింది. ముట్టిందని కొట్టి, కాగితం పట్టుకుని అరుగు మీదికి వచ్చాను. అందరూ లేచి నిలబడ్డారు.

"మందిని ఆపండి. మేస్త్రి" అని చదివాను.

మంది అంటే మా వైపు జనం. గుంపులో పెద్దవాడు, మేస్త్రికి పెదనాయన వరస, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"అయిపాయ. పాండి ఇండ్లకు. కంపలు తీయండి" అన్నాడు.

మేస్త్రి భార్య కదల్లేదు. "ఏమన్యాడు? ఇంగోసారి సదువు సామీ."

"మందిని ఆపండి."

"ఆపండి?" ఆమె ఆ మాటను నోట్లో రాయి తగిలినట్టు పలికింది. "ఆయప్ప ఆ మాట అనడు."

"అనడంటే? తంతిలో ఉండాది గదా పాపా" అన్నాడు ముసలాయన. "మైదుకూరు నీళ్లు తాగినాడు. మాట నాజూకైండాది."

"నీళ్లకు మాట మారేటట్లుంటే, నువ్వు బొంబాయి నీళ్లు గూడా తాగొస్తివి గదా మామా! నీకేం మారె? అదే నోరు, అదే చుట్ట కంపు."

అంత దిగులులోనూ జనం పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"సామీ, ఆయప్ప ఎద్దుల్ని నిలుపుతాడు. బండిని నిలుపుతాడు. పిల్లోళ్లు కొట్లాడుకుంటాంటే నిలపండ్రా అని అరుస్తాడు. మందిని వద్దనాల్నంటే నిలపండి అంటాడు గానీ, ఆపండి అనే మాట పెండ్లయినప్పటినుంచి ఆయప్ప నోట నేను ఇన్లేదు."

ముసలాయన "సరేలే, ఆకలైతాంది, ఒక రొట్టె తీయండి" అని మూట ముడి మీద చెయ్యి వేశాడు. ఆమె వంగి ఆ చెయ్యి పట్టుకుంది.

"మూట ముట్టొద్దు మామా. ఇవి దారి రొట్టెలు. ఇండ్లకు పోయి తింటే దారికి ఏముంటాది? రేప్పొద్దున కాలువ గట్టు మీద తలకాయలు లెక్కబెడతారంట. మనం కనపడకుంటే, ఆడ కాసుకోని కూసున్న ఇంగో గుంపుకు పోతాది పని. ఈ సామి ఆ మాట సక్కంగా కనుక్కునేదాకా ఈ ముడి ఇప్పేది లేదు."

నేను కనుక్కుంటానని ఎవరితోనూ అనలేదు. ఆమే అనేసింది.

లోపలికి వచ్చి కాగితం మళ్లీ చూశాను. ఏ, పి, ఏ, ఎన్, డి, ఐ. అప్పుడు తట్టింది. మా ఊళ్లో పంపడాన్ని ఎవరూ పంపడం అనరు. అంపడం అంటారు. మా అమ్మ పక్కింటికి మజ్జిగ అంపిస్తుంది, మా నాయన నన్ను బడికి అంపినాడు. కోసిగిలోనూ అంతే. మేస్త్రి "మందిని అంపండి" అని ఉంటే? రెంటికీ తేడా మధ్యలో ఒక్క ఎమ్. ఎమ్ అంటే తంతిలో రెండు పొడుగు దెబ్బలు, అంతే. అక్షరం పోయినా మాటలు మూడే. అందుకే లెక్క కుదిరింది, లెక్క చూసిన మేమంతా ముట్టిందన్నాం.

కాని అనుమానం వేరు, రుజువు వేరు. ఆశపడి చదివితే ఏ తంతైనా మంచి తంతే అవుతుంది. వాళ్లను నా ఊహ మీద రైలెక్కిస్తే, తీరా అక్కడ పని లేకపోతే, రొట్టెలు కాలువ గట్టు మీదే అయిపోతాయి. అడగాలి.

పోస్టుమాస్టరు ఆదోని మనిషి, చెడ్డవాడు కాదు. రూల్సు బుక్కు మాత్రం తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు.

"ఏమప్పా, మనకు తంతి ఎట్లొస్తే అట్ల ఇచ్చేస్తిమి. లెక్క కుదిరింది. మన పని అయిపాయ. పైవాళ్లను తప్పు పట్టేదానికి మనమెవురు?"

"తప్పు పట్టడం లేదు సార్. మళ్లీ చెప్పమని అడుగుతున్నా. అది రూల్సులోనే ఉంది."

"ఎవురో ఒకామె మొగుడు ఆ మాట అనడని చెప్తే తంతి తప్పయితుందా?"

"ఆమెకంటే బాగా ఆయన మాట మనకు తెలుసా సార్?"

ఆయన కళ్లజోడు తీసి కిటికీలోంచి అరుగు వైపు చూశాడు. ఆమె ఇప్పుడు మూట మీద కూర్చుని ఉంది, ఎవరూ విప్పకుండా. "సరే, అడుగు. బిరీన అడుగు" అన్నాడు.

బిరీన, అంటే త్వరగా, అడగడానికి తీగ ఖాళీగా లేదు. ఆదోని నుంచి ఎవరికో పత్తి ధరలు పోతున్నాయి. రకం తర్వాత రకం, అయిపోయిందనుకుంటే ఇంకో రకం. మధ్యలో దూరితే ఆ మాటా చెడుతుంది, నా మాటా చెడుతుంది. మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. తీగ ఊరుకున్న క్షణాన నొక్కాను. అదే క్షణాన దారిలోని ఇంకో చిన్న ఆఫీసు కూడా నొక్కింది. రెండూ కలిసి గోల. ఇద్దరం ఆగాం. ఓపిక పట్టి మళ్లీ నొక్కాను, వాడూ మళ్లీ నొక్కాడు. చేతి తీరును బట్టి మనిషి తెలుస్తాడు. ఆ ఆఫీసులోనివాడు నాలాగే కొత్తవాడు, మొండివాడు. మూడోసారి నేను మొదలుపెట్టినప్పుడు వాడు ఊరుకున్నాడు. అతడికి ఈ జన్మలో కృతజ్ఞత చెప్పుకోలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను.

ఆదోని సిగ్నలర్ తన కాగితం చూసుకుని, మీకిచ్చినట్టే ఉంది అన్నాడు. ఇంకా వెనక్కి అడగమన్నాను. విసుక్కున్నాడు గాని పెద్ద ఆఫీసును పిలిచాడు. ఆ తీగ వేరు, అక్కడ ఏం జరుగుతుందో నాకు వినబడదు. బల్ల మీద ఇత్తడి యంత్రం మూగదై కూర్చుంది. బండి వస్తోందని ఎదుట స్టేషనులో సిగ్నల్ చెయ్యి వాలింది. పోస్టుమాస్టరు నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన వేడి ఊపిరి నా మెడకు తగులుతోంది.

చివరికి మా పిలుపు మోగింది. పెద్ద ఆఫీసు జవాబును ఆదోని మాకు అందించాడు. రాసుకుంటూనే నాకు మతి పోయింది. అందులో ఉన్నది ఇది:

"రోగి ఎట్లా ఉన్నాడు?"

"రోగి ఎవురప్పా?" అన్నాడు పోస్టుమాస్టరు.

రోగి ఎవరూ లేరు, మాట అక్షరాలతో సహా చెప్పండి అని కొట్టాను. ఈసారి జవాబు పొడుగ్గా వచ్చింది. మైదుకూరు నుంచి వచ్చిన తంతిలో అర్థం లేని మాట ఒకటి ఉందట. అంపండి అనే మాట తెలుగులో లేదట. మందిని అంటే పల్లెటూరి యాసలో మందుని అనేనని ఊహించి, ఆయన దాన్ని అట్లాగే ఉంచాడు. ఎవరికో మందు వికటించింది, వెంటనే ఆపమని వైద్యుడు చెబితే మేస్త్రి కబురు చేస్తున్నాడు. వెనక్కి అడుగుతూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుందని, పొరపాటున చేరిన ఎమ్ తీసేసి, ఆలస్యం చేయకుండా పంపించాడు. ఇంతకూ మందు ఆపారా?

ఆ పెద్దమనిషి ఒక ప్రాణం నిలబెట్టాననుకుని తృప్తిగా కూర్చుని ఉన్నాడన్నమాట.

పోస్టుమాస్టరు రూల్సు బుక్కును మరిచిపోయి నాకంటే ముందు అరుగు మీదికి పరిగెత్తాడు. "అంపండి! అంపండి అనే ఉండాదమ్మా! పాండి, బండొస్తాంది!"

ఆమె మమ్మల్ని పొగడలేదు. "సూస్తివా మామా" అని ముసలాయన వైపు ఒక్క చూపు చూసింది. మూట ఎత్తి ఆయన నెత్తిన పెట్టింది. జనం రోడ్డు దాటుతున్నారు. ఆమె మాత్రం కిటికీ దగ్గరికి వచ్చింది.

"సామీ, ముట్టిందని ఆయప్పకు తెల్లొద్దా? జవాబు పోకుంటే రాలేదనుకోని, ఆయప్పే ఇంగో గుంపును మాట్లాడుకుంటాడు. ఒక మాట కొట్టు."

"ఏం కొట్టమంటావమ్మా?"

"వస్తాండాం. అంతే."

ముట్టినట్టు జవాబు పోనిదే మాట చేరినట్టు కాదని మా శాఖ నాకు బల్ల గుద్ది నేర్పింది. ఆమెకు ఎవరూ నేర్పలేదు, మొగుడి స్వభావం తెలుసు, అంతే. రైలు కూత వేసింది. కొంగు బిగించుకుని పరిగెత్తింది. బండి కదిలేటప్పుడు చివరి పెట్టె కిటికీలో ముసలాయన నెత్తిన మూట అట్లాగే కనిపించింది. దించుకోవడానికి ఆమె ఇంకా ఒప్పుకోలేదేమో.

నేను మీట దగ్గర కూర్చున్నాను. వస్తాండాం. ఆదోని తీసుకున్నాడు. కాసేపటికి పెద్ద ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది. ఈసారి ఆయన సరిదిద్దలేదు, అడిగాడు. "వస్తున్నాం అనా?"

"కాదు. ఉన్నది ఉన్నట్టే. వీళ్లు మందు కాదు, మంది" అని కొట్టాను.

తర్వాత ఆయన ఆ మాటను ఒక్కో అక్షరం విడదీసి ఆదోని చేత తిరిగి నాకు చెప్పించాడు, సరేనా అని అడిగాడు. సరే అన్నాను. సాయంత్రం ఆఫీసు మూసేలోపు మైదుకూరు నుంచి జవాబు వచ్చింది, మేస్త్రికి ముట్టిందని.

వానలు పడ్డాక ఆ గుంపు తిరిగి వచ్చింది. మేస్త్రి మా కిటికీలో తల పెట్టి "నేను అంపండి అంటే ఆపండి అంటిరంటనే సామీ? మా ఇంటిది లేకుంటే మీరు నన్నూ ఆపేస్తాంటిరి" అన్నాడు. పోస్టుమాస్టరు ఆయనకు టీ తెప్పించాడు.

ఆ తర్వాత నేను పత్రికలోకి వచ్చాను. డెస్కు మీద కూర్చుని, పల్లెల నుంచి విలేకరులు పంపిన వార్తలు దిద్దడం నా పని. కొత్తగా వచ్చిన సబ్‌ఎడిటర్లు, చదువుకున్నవాళ్లు, తమకు తెలియని పల్లె మాట కనబడితే చాలు, కొట్టేసి తమకు తెలిసిన మాట పెట్టేవారు. నేను ఆ కాగితం తీసుకుని "రోగి ఎట్లా ఉన్నాడు?" అని అడిగేవాణ్ణి. నాకు మతి చలించిందని వాళ్లు అనుకునేవారు. కాని ఆ మాట ఏ ఊళ్లో ఎవరు అన్నారో ఫోను చేసి కనుక్కునేవారు. నాకు అది చాలు.

మీ యంత్రాలు మాటలే కాదు, అక్షరాల మొత్తం కూడా కట్టి సరిచూసుకుంటాయని ఇంజనీరు చెప్పాడు. మంచిదే. అంతకంటే నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. దారిలో ఉన్న యంత్రానికి తాను మోస్తున్న మాటకు అర్థం తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోదు. ఎట్లా వచ్చిందో అట్లా అందిస్తుంది. మాకు అర్థం తెలుసు, అదే మా ఇబ్బంది. ఈమధ్య మనిషి రాసే మాటను మధ్యలో దిద్దే యంత్రాలు కూడా వస్తున్నాయని విన్నాను. జాగ్రత్త. వాటిలో ఏదో ఒకటి గోదావరి వైపు నుంచి వచ్చి ఉంటుంది.

కోసిగిలో ఉండగానే ఆ గోదావరి సిగ్నలర్‌తో తీగ మీద స్నేహం కుదిరింది. పని లేని వేళల్లో, ఆదోని దయతలిచి రెండు తీగలూ కలిపితే, మా మాటలు ఒక్కొక్కటీ అడిగి తెలుసుకునేవాడు. శానా అంటే చాలా అనీ, యాడ అంటే ఎక్కడ అనీ. కొన్నాళ్లకు రాజధాని కర్నూలు నుంచి తరలిపోయింది. కోస్తా ఉద్యోగులు చాలామంది ఊళ్లు మారారు. ఆయనకూ సొంత జిల్లాకు బదిలీ అయింది. చివరి రోజు మా ఆఫీసు పిలుపు మోగింది. మాట ఒక్కటే:

"పోతాండా."

ఒక్క అక్షరం తప్పు లేదు. చెయ్యి ఆయనదే. స్పష్టంగా రాసుకున్నాను. అయినా ముట్టిందని కొట్టబుద్ధి కాలేదు. మళ్లీ చెప్పమని అడిగాను.